గోడ మీద రాయించే సూక్తుల్లో నిజంగా ఆ పెద్దలన్నవి ఎన్ని?

గోడరాత
లా కాలేజీ వరండాలో రాజకీయం, ప్రభుత్వం, న్యాయం మీద పెద్దల మాటలు పెయింటుతో రాయిస్తున్నారు. చేతికొచ్చిన జాబితాలో మాట, కింద పేరు. అంతే. ఎప్పుడన్నారో, ఎక్కడన్నారో ఒక్కదానికీ లేదు. ఒకసారి పెయింటు పడితే ఏళ్ళ తరబడి ఉంటుంది, పిల్లలు అదే మాట మూట్ కోర్టులో (విద్యార్థుల నమూనా కోర్టు వాదనల్లో) వల్లిస్తారు. అనుమానం ఉన్నవి కింద పెడుతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

"నీ అభిప్రాయం నాకు నచ్చదు, కానీ అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమైనా ఇస్తాను" – వోల్టేర్
"అధికారం భ్రష్టు పట్టిస్తుంది, సంపూర్ణాధికారం సంపూర్ణంగా భ్రష్టు పట్టిస్తుంది" – లార్డ్ యాక్టన్
"వందమంది దోషులు తప్పించుకున్నా ఫరవాలేదు, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు" – భారత న్యాయశాస్త్రం
"కంటికి కన్ను అంటూ పోతే లోకమంతా గుడ్డిదవుతుంది" – గాంధీ
"చెడు గెలవాలంటే మంచివాళ్ళు చేతులు కట్టుకు కూర్చుంటే చాలు" – ఎడ్మండ్ బర్క్
"ఇండియాకు స్వాతంత్ర్యమిస్తే అధికారం దుర్మార్గుల చేతిలో పడుతుంది, గాలికీ నీళ్ళకీ కూడా పన్ను వేస్తారు" – చర్చిల్
"చట్టాలూ సాసేజీలూ ఎలా తయారవుతాయో చూడకపోవడమే మేలు" – బిస్మార్క్
"నీళ్ళలో చేప ఎప్పుడు నీళ్ళు తాగిందో తెలియనట్టే, ఉద్యోగి ఎప్పుడు సొమ్ము తిన్నాడో తెలియదు" – చాణక్యుడు

చివరిబెంచీ
చేప మాట అబద్ధమైతే మాత్రం చెప్పకండి, నాకు చాలా ఇష్టం.

మూలం_ఎక్కడ
మొదటిదే తప్పు. వోల్టేర్ ఆ వాక్యం ఎక్కడా రాయలేదు. ఈవ్లిన్ బియాట్రిస్ హాల్ అనే ఇంగ్లిష్ రచయిత్రి ఎస్.జి. టాలెంటైర్ అనే కలంపేరుతో వోల్టేర్ మిత్రుల గురించి 1906లో ఒక పుస్తకం వేసింది. హెల్వేషియస్ అనే తత్వవేత్త గ్రంథాన్ని తగలబెట్టించినప్పుడు వోల్టేర్ ధోరణి ఎలా ఉందో చెప్పడానికి తన మాటల్లో కట్టిన వాక్యమది. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడంతో వచ్చింది చిక్కు. చదివినవాళ్ళంతా వోల్టేర్ నోటి మాటే అనుకున్నారు. అది తన వాక్యమేనని ఆవిడే తర్వాత చెప్పింది, అప్పటికే మాట ఊళ్ళు దాటిపోయింది.

బర్క్ మాట కూడా బర్క్ రచనల్లో లేదు. దగ్గరగా ఉన్నది 1770లో ఆయన రాసినది: చెడ్డవాళ్ళు జట్టు కట్టినప్పుడు మంచివాళ్ళూ కలవాలి, లేకపోతే ఒకరి తర్వాత ఒకరు పడిపోతారు, జాలిపడేవాడు కూడా ఉండడు అని. చేతులు కట్టుకు కూర్చోవడం గురించి స్పష్టంగా అన్నది ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్. 1867లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, చెడ్డవాళ్ళ పని నెరవేరడానికి మంచివాళ్ళు ఏమీ చేయకుండా చూస్తూ ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అన్నాడు. భావం అదే కావాలంటే మిల్ పేరు వేయండి, సంవత్సరంతో సహా నిలుస్తుంది.

అడ్డప్రశ్న
ఇంత వెతుకులాట దేనికి? మాటలో పస ఉంటే చాలదా? ఎవరన్నా ఒకటే కదా.

నల్లకోటు
@అడ్డప్రశ్న అయితే పేరు తీసేసి రాయండి, మీ వాదన నిలుస్తుంది. కింద వోల్టేర్ అని వేస్తున్నామంటే ఆయన పరువు ఈ మాటకు అరువు తెచ్చుకుంటున్నాం. బోనెక్కని మనిషి పేరు మీద సాక్ష్యం రాసుకున్నట్టు అది. వేరే కాలేజీ అయితే చూసీ చూడనట్టు వదిలేయొచ్చు, ఇది లా కాలేజీ గోడ. ఎవరన్నారు, ఏ రికార్డులో ఉంది అని అడగడం ఆ పిల్లలు నేర్చుకోవలసిన మొదటి పని.

అడ్డప్రశ్న
పేరు లేకుండా రాస్తే ఎవరూ చదవరండీ. వరండాలో నడిచేవాడు ఆగేది పేరు చూసే.

నల్లకోటు
అందుకే కదా ఆ పేరు నిజమై ఉండాలనేది.

పాతసంచిక
చర్చిల్ మాట సంగతి. ఏటా ఆగస్టు వచ్చేసరికి మళ్ళీ లేస్తుంది. బ్రిటిష్ పార్లమెంటు చర్చల రికార్డును హాన్సార్డ్ అంటారు, అంతా ఆన్‌లైన్‌లో ఉంది, తేదీతో గానీ మాటతో గానీ వెతకొచ్చు. చర్చిల్ ఇండియా స్వాతంత్ర్యానికి గట్టిగా అడ్డం నిలిచిన మాట నిజం, ఆ ప్రసంగాలు దొరుకుతాయి. గాలికీ నీళ్ళకీ పన్ను అనే ఈ పేరా మాత్రం దొరకదు. పైగా ఒక్కో ఫార్వర్డులో ఒక్కో సందర్భం రాస్తారు. సందర్భం మారిపోతూ మాట పెరిగిపోతూ ఉంటే అది ఎవరూ అనని మాటని దాదాపు తేల్చుకోవచ్చు.

అదే చర్చిల్‌ది పక్కా ఆధారం ఉన్నది కావాలంటే ప్రజాస్వామ్యం మీద అన్నది తీసుకోండి. 1947 నవంబరు 11, బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్. అప్పుడాయన ప్రతిపక్షంలో ఉన్నాడు. ఎగువ సభ అయిన ప్రభువుల సభ చట్టాలను ఆపి ఉంచగల గడువును రెండేళ్ళ నుంచి ఏడాదికి తగ్గించే బిల్లు మీద చర్చ. ప్రజాస్వామ్యం లోపం లేనిదని ఎవరూ అనరు, ఇప్పటిదాకా ప్రయత్నించిన మిగతా పద్ధతులన్నిటినీ మినహాయిస్తే ఇదే అన్నిటికంటే అధ్వాన్నమైన పద్ధతి అని అంటూ ఉంటారు అన్నాడు. 'అంటూ ఉంటారు' అన్నది గమనించండి. తనకంటే ముందే ఎవరో అన్న మాటగా చెప్పాడు. గోడ మీద ఆ ముక్క వదలకండి, వదిలితే ఆయన సొంతంగా కట్టిన వాక్యమైపోతుంది.

చివరిబెంచీ
చర్చిల్ పేరు మీద తిరిగే మాటలన్నీ ఆయనే అని ఉంటే యుద్ధం నడపడానికి తీరిక ఎక్కడిది.

రాతకోత
సగటు ఓటరుతో అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు, ప్రజాస్వామ్యం ఎందుకు వద్దో తెలుస్తుంది అనేది కూడా ఆయనదేనంటారు?

పాతసంచిక
@రాతకోత దానికీ ఆధారం లేదు. ఓటరును చులకన చేసే ఆ మాట లా కాలేజీ గోడకు అసలే వద్దు.

లైబ్రరీమెట్లు
ఒక్కో మాటకు ఒక్కో మనిషిని అడిగే బదులు మీరే చూసుకునే పద్ధతి చెబుతా. తెలుగులో వెతికితే ఏమీ తేలదు, తెలుగు మాట ఎప్పుడూ అనువాదమే. ముందు ఇంగ్లిష్ రూపం పట్టుకోండి. అందులో పొగడ్త మాటలు, మామూలు మాటలు వదిలేసి, ఇంకెక్కడా రాని అయిదారు పదాల ముక్కని కొటేషన్ గుర్తుల్లో పెట్టి స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో వెతకండి. మాట వాడుకలో అరిగి మారిపోతుంది కాబట్టి మూడు నాలుగు రూపాల్లో వెతకాలి. దొరికినవాటిలో అన్నిటికంటే పాత ముద్రణ ఏ ఏటిదో చూసి, ఆ మనిషి చనిపోయిన ఏడు పక్కన పెట్టండి. చనిపోయిన ముప్పై నలభై ఏళ్ళ తర్వాత గానీ అచ్చులో కనపడలేదంటే అనుమానించాలి.

ఇక్కడ అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. పత్రికల సంపుటాలకు స్కాన్ సైట్లు మొదటి సంచిక ఏడాదే అన్నిటికీ వేసేస్తాయి. 1860 అని చూపిస్తుంది, లోపల చూస్తే 1935 సంచిక. అందుకని ఫలితం పక్కన ఉన్న తేదీని నమ్మకుండా టైటిల్ పేజీ స్కాను తెరవండి. టైటిల్ పేజీ చూపించకపోతే అదే పేజీలో ఇంకేదైనా సంఘటన ప్రస్తావన ఉందేమో చూడండి, కాలం తెలిసిపోతుంది.

బిస్మార్క్ సాసేజీ ఇలాగే తేలింది. జర్మన్ ఛాన్సలర్ 1898లో పోయాడు. ఆయన పేరుతో ఈ మాట కనపడేది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. 1869లోనే అమెరికన్ పత్రికల్లో జాన్ గాడ్‌ఫ్రే సాక్స్ అనే హాస్యకవి పేరున ఉంది: చట్టాలు సాసేజీల్లాంటివి, ఎలా తయారవుతాయో తెలిసేకొద్దీ వాటి మీద గౌరవం తగ్గుతుంది అని. అక్కడ చూడొద్దన్న సలహా లేదు. తెలిసేకొద్దీ గౌరవం తగ్గుతుందని మాత్రమే ఉంది. చూడకండి అనే తోక తర్వాత అతికింది.

గోడరాత
@లైబ్రరీమెట్లు ఆ తేదీ సంగతి బాగా చెప్పారు. మరి గాంధీ మాట?

లైబ్రరీమెట్లు
గాంధీ సంపూర్ణ రచనలు 100 సంపుటాలు, అన్నీ ఆన్‌లైన్‌లో వెతకడానికి దొరుకుతాయి. రాసిన ఉత్తరం ముక్క దగ్గర్నుంచి ప్రార్థన సభ ప్రసంగం దాకా తేదీలతో ఉన్నాయి. ఈ కంటికి కన్ను వాక్యం వాటిలో లేదు. ఆయన జీవితచరిత్ర రాసిన లూయీ ఫిషర్ సత్యాగ్రహాన్ని వివరిస్తూ తన వాక్యంగా వాడాడు, అక్కడి నుంచి గాంధీ నోట్లోకి వెళ్ళింది. వోల్టేర్‌కి జరిగినట్టే, వ్యాఖ్యాత మాట నాయకుడికి అంటుకుంది. గాంధీ మాట కావాలంటే ఆ సంపుటాల్లోంచే తీసుకుని సంపుటం, పుట, తేదీ వేయండి.

మూలం_ఎక్కడ
ఆ జాబితాలో లేదు గానీ, ముందు పట్టించుకోరు, తర్వాత నవ్వుతారు, తర్వాత పోరాడతారు, ఆ తర్వాత మీరే గెలుస్తారు అనేది కూడా గాంధీదని రాయిస్తుంటారు. అమెరికాలో దర్జీ కార్మికుల సంఘం సభలో నికొలస్ క్లైన్ అనే కార్మిక నాయకుడు 1918లో దాదాపు అదే వరసలో మాట్లాడాడు. ఆయన వాక్యం చివర గెలుపు లేదు. చివరికి మీకు విగ్రహాలు కడతారు అని ఉంది.

చివరిబెంచీ
విగ్రహాల సంగతి ఆయనకి అప్పుడే తెలుసన్నమాట.

నల్లకోటు
మూడోది, వందమంది దోషులది. సినిమా కోర్టు సీన్ల పుణ్యమా అని ఇది ఏదో సెక్షన్లో ఉందని జనం నమ్మకం. ఏ సెక్షన్లోనూ లేదు. ఇంగ్లండులో విలియం బ్లాక్‌స్టోన్ తన న్యాయ వ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో (1769) రాసిన సూత్రమిది, అక్కడ అంకె పది. పదిమంది దోషులు తప్పించుకోవడం ఒక్క నిర్దోషి బాధపడటం కంటే మేలు. ఆయనకంటే ముందు ఇంగ్లిష్ జడ్జి మాథ్యూ హేల్ అయిదు అన్నాడు. పదిహేనో శతాబ్దపు ఇంగ్లిష్ జడ్జి ఫోర్టెస్క్యూ ఇరవై అన్నాడు. వంద అన్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1785లో రాసిన ఉత్తరంలో. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ఏకంగా వెయ్యి అన్నాడు.

భారతీయ కోర్టులు ఈ సూత్రాన్ని ఎన్నో తీర్పుల్లో వాడాయి, కాబట్టి న్యాయశాస్త్రంలో ఉందనడం పూర్తిగా తప్పు కాదు. కానీ అదే సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా అంది. ప్రతి చిన్న సందేహానికీ వదిలేస్తూ పోతే జనానికి చట్టం మీద నమ్మకం పోతుంది, సందేహం సహేతుకంగా ఉండాలి అని. 1973లో శివాజీ సహబ్‌రావు బోబడే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన భాగం చూడండి. దోషిని వదలడంలోనూ న్యాయం ఓడుతుందన్నది ఆయన వాదన. ఆ రెండూ పక్కపక్కన రాయిస్తే విద్యార్థికి ఉపయోగం. ఒక్కటే రాస్తే నినాదమైపోతుంది.

అడ్డప్రశ్న
ఇది నచ్చింది. వేసే మాటకు ఎదురు మాట కూడా పక్కనే ఉండాలి.

గుమాస్తా
అలాంటి జోడీ ఇంకోటి. చట్టాలు సాలెగూళ్ళు, చిన్న పురుగులు చిక్కుకుంటాయి, పెద్దవి చింపుకుని పోతాయి అని అందరూ అంటారు, ఒక్కొక్కళ్ళు ఒక్కో పేరు వేస్తారు. ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన సోలోన్ చరిత్రలో ఉంది. ఏథెన్సుకు సోలోన్ చట్టాలు రాస్తుంటే అనకార్సిస్ అనే సిథియన్ అతిథి చూసి నవ్వి ఆ మాటన్నాడట. ఎవరూ చెప్పని సంగతేమంటే సోలోన్ అక్కడే జవాబిచ్చాడు. ఒప్పందం తప్పితే ఇద్దరికీ లాభం లేనప్పుడు మనుషులు ఒప్పందానికి కట్టుబడతారు, తప్పడం కంటే పాటించడమే మేలని అందరికీ కనపడేలా చట్టాన్ని పౌరులకు తగ్గట్టు మలుస్తున్నాను అని. చివరికి అనకార్సిస్ అనుకున్నట్టే జరిగిందని ప్లూటార్క్ ఒక వాక్యం జోడించాడు. అయినా సోలోన్ జవాబు లేకుండా సాలెగూడు ఒక్కటే రాయిస్తే లా చదివేవాడికి నిరాశ తప్ప పని ఉండదు.

సామెతలమూట
ఇన్ని దేశాల పేర్లెందుకు? మన సామెతలకు పేరే అక్కర్లేదు, పేచీ లేదు. కంచే చేను మేస్తే కాపేం చేస్తాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా. పిల్లుల తగువు కోతి తీర్చినట్టు. ప్రభుత్వం, ఆఫీసు, కోర్టు, పోలీసు, మధ్యవర్తి, అన్నీ వచ్చేశాయి.

నల్లకోటు
@సామెతలమూట ఓడినవాడు, గెలిచినవాడు సామెత తప్పకుండా ఉండాలి. ఖర్చు, కాలం రెండూ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. రాజీ కుదిరే కేసుల్ని లోక్ అదాలత్‌కి పంపడానికి దీన్ని మించిన వాదన లేదు. అక్కడ రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తుంది, అక్కడిచ్చే తీర్పు (అవార్డు అంటారు) మీద అప్పీలు ఉండదు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఇద్దరూ ఏడవకుండా ఇంటికెళ్ళే దారి.

సామెతలమూట
సామెతలకీ ఒక జాగ్రత్త ఉంది. కులాన్నో, ఆడవాళ్ళనో, వైకల్యాన్నో కించపరిచేవి పాత సంకలనాల్లో బోలెడున్నాయి. జనం నోట్లో ఉన్నాయి కదా అని తెచ్చి న్యాయం నేర్పే చోట పెట్టకూడదు. ఇంకోటి, సామెత కింద 'తెలుగు సామెత' అని వేస్తే చాలు, దాన్ని ఏ శతకకారుడికో అంటగట్టకండి. పద్యపాదమా సామెతా అని అనుమానమొస్తే ఛందస్సు చూడండి. యతి కుదిరి ఆటవెలది, తేటగీతి, కందం లాంటి నడకలో ఉంటే పద్యపాదం అయ్యుండొచ్చు, అప్పుడు మూలం వెతకాలి.

గోడరాత
చేప మాట ఎవరూ ముట్టుకోలేదు. చివరిబెంచీ కోసమైనా చెప్పండి.

గుమాస్తా
చేప బతికింది. అర్థశాస్త్రం రెండో అధికరణం, తొమ్మిదో అధ్యాయంలో ఉంది. నాలుక మీద పడిన తేనెనో విషాన్నో రుచి చూడకుండా ఉండలేనట్టే రాజుగారి సొమ్ముతో మెలిగేవాడు కొంచెమైనా రుచి చూడకుండా ఉండలేడు అనేది ముందు వస్తుంది. ఆ తర్వాతది చేప శ్లోకం. ఆకాశంలో ఎగిరే పక్షుల జాడైనా పట్టుకోవచ్చు గానీ, లోపలి ఉద్దేశం దాచుకుని తిరిగే ఉద్యోగి జాడ పట్టుకోలేం అని ఇంకో శ్లోకం.

కానీ ఇవి కేవలం నిట్టూర్పులు కావు. ముందు అధ్యాయంలో సొమ్ము కాజేసే నలభై మార్గాలు వరసగా రాశాడు. ముందొచ్చిన రాబడిని తర్వాత వచ్చినట్టు రాయడం, తర్వాతది ముందే వచ్చినట్టు రాయడం, వసూలైనదాన్ని కాలేదనడం, కొంచెం ఇచ్చి ఎక్కువ ఇచ్చామని రాయడం, ఒకదానికి బదులు ఇంకోటి ఇవ్వడం, తప్పుడు తూకాలు, తప్పుడు కొలతలు. ఈ కాలపు ఆడిట్ పేరాలు చదివినవాడికి ఇవన్నీ పరిచయమే. పరిష్కారం కూడా ఇచ్చాడు. ఒక శాఖకు ఒక్కడే పెద్ద కాకుండా పలువురు ఉండాలి, వాళ్ళని శాశ్వతంగా ఒకచోట ఉంచకూడదు. చేప శ్లోకం రాయిస్తే కింద ఈ పరిష్కారం కూడా ఒక లైను రాయించండి.

పేరు దగ్గర 'అర్థశాస్త్రం 2.9' అని వేయండి. 'చాణక్యుడు' అని ఊరికే వేస్తే ఫోన్లో తిరిగే వేల చాణక్య సూక్తులతో కలిసిపోతుంది. వాటిలో ఏ అధ్యాయమో ఏ శ్లోకమో చెప్పలేనిదాన్ని ముట్టుకోవద్దు.

చివరిబెంచీ
అమ్మయ్య. రొట్టె లేకపోతే కేకు తినమన్న రాణిగారి మాట కూడా చూసిపెట్టండి, జాబితాలో లేదు గానీ ఎవరో ఒకరు చేర్చేస్తారు.

పాతసంచిక
లెక్క చూస్తే చాలు. ఆ కథ ఫ్రెంచి రచయిత రూసో ఆత్మకథ ఆరో భాగంలో ఉంది, ఆ భాగం రాసింది 1765 ప్రాంతంలో. అందులో 'ఒక గొప్ప రాకుమారి' అని తప్ప పేరు లేదు. తినమన్నది కేకు కూడా కాదు, బ్రియోష్ అనే వెన్నరొట్టె. జనం ఆ మాట అంటగట్టే ఫ్రాన్సు రాణి మేరీ ఆంటొనెట్ 1755లో పుట్టింది, ఫ్రాన్సుకు వచ్చింది 1770లో. రూసో రాసేనాటికి ఆస్ట్రియాలో ఉన్న పదేళ్ళ పిల్ల. ఇలాంటి వయసు లెక్క ప్రతి మాటకీ వేసి చూడండి.

నల్లకోటు
యాక్టన్ మాట నిజమైనదే, కానీ సగం కోసేశారు. 1887 ఏప్రిల్ 5న చరిత్రకారుడు మాండెల్ క్రైటన్‌కు రాసిన ఉత్తరం. అధికారానికి భ్రష్టు పట్టించే 'స్వభావం' ఉంది అన్నాడు, పట్టించి తీరుతుంది అనలేదు. రెండో సగంలోనే ఖాయంగా అన్నాడు. సందర్భం కూడా గట్టిది. పోపులనూ రాజులనూ చరిత్ర రాసేటప్పుడు మామూలు మనుషులకంటే మెత్తగా చూడాలన్న వైఖరికి ఎదురు చెబుతూ, అధికారం పెరిగేకొద్దీ తూకం ఇంకా కఠినంగా ఉండాలి అని వాదించాడు. జడ్జిలు కాబోయే పిల్లలకు ఆ సందర్భమే అసలు పాఠం.

రాతకోత
న్యాయం జరగడమే కాదు, జరిగినట్టు కనపడాలి అనేది కూడా వేయొచ్చా? ఎవరిది?

నల్లకోటు
తప్పకుండా. ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి లార్డ్ హ్యూవార్ట్, 1923 నవంబరు, ససెక్స్ మేజిస్ట్రేట్ల మీద మెకార్తీ కేసు. లా రిపోర్టుల్లో 1924 సంపుటంలో ఉంటుంది. కథ తెలిస్తేనే మాట బలం తెలుస్తుంది. మోటారు సైకిలు ప్రమాదం. మెకార్తీ మీద ప్రమాదకరంగా నడిపాడని క్రిమినల్ కేసు. అవతలి మనిషి నష్టపరిహారం కోసం ఒక సొలిసిటర్ల సంస్థను పెట్టుకున్నాడు. ఆ రోజు మేజిస్ట్రేట్ల దగ్గర గుమాస్తాగా కూర్చున్నవాడు అదే సంస్థ మనిషి. విచారణ అయ్యాక మేజిస్ట్రేట్లు లోపలి గదికి వెళ్తే ఏమైనా అవసరమవుతుందేమోనని నోట్సు పట్టుకుని ఆయనా వెళ్ళాడు. శిక్ష వేశారు. ఆయన్ని మేం ఒక్క మాటా అడగలేదని మేజిస్ట్రేట్లు ప్రమాణపత్రం ఇచ్చారు, పైకోర్టు నమ్మింది కూడా. అయినా శిక్ష కొట్టేసింది. తప్పు జరిగిందా లేదా అని కాదు, చూసేవాడికి అనుమానం వచ్చే చోటు ఉందా అని అడిగింది.

గుమాస్తా
కోర్టు సిబ్బంది గదిలో ఈ ఒక్కటి ఫ్రేము కట్టి పెట్టాలి. చుట్టరికం ఉన్న ఫైలు మన టేబుల్ మీదకొస్తే ముట్టుకోకుండా రాతపూర్వకంగా పక్క సెక్షన్‌కి పంపేయాలన్నదీ ఇదే సూత్రం. నోటిమాటగా తప్పుకుంటే సరిపోదు, ఫైల్లో నోటు ఉండాలి.

అడ్డప్రశ్న
మన రాజ్యాంగం వాళ్ళ మాటలు ఒక్కటీ రాలేదేం?

పాతసంచిక
అంబేడ్కర్ 1949 నవంబరు 25 ప్రసంగం తీసుకోండి, రాజ్యాంగ సభ చర్చల పదకొండో సంపుటం. ఒక్క ప్రసంగంలోనే గోడ నిండుతుంది. అందరూ వేసేది ఇది: రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవాళ్ళు చెడ్డవాళ్ళయితే చెడ్డదవుతుంది. దీనికి రెండో సగం ఉంది: ఎంత చెడ్డదైనా నడిపేవాళ్ళు మంచివాళ్ళయితే మంచిదవుతుంది. రెండూ కలిపి వేయండి. మర్నాడు రాజేంద్రప్రసాద్ ముగింపు ప్రసంగంలో దగ్గర భావమే వచ్చింది, ఎన్నికైనవాళ్ళు సమర్థులూ శీలవంతులూ అయితే లోపమున్న రాజ్యాంగంతో కూడా మేలు చేయగలరని. ఈ ఇద్దరి మాటలూ తరచూ తారుమారు చేస్తారు. తేదీ చూస్తే తేలిపోతుంది.

అదే ప్రసంగంలో ఇంకోటి: మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చు, రాజకీయాల్లో భక్తి, వ్యక్తిపూజ పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి. దానికి కాస్త ముందు ఎంత గొప్ప మనిషి కాళ్ళ దగ్గరైనా స్వేచ్ఛను పెట్టకూడదన్నది ఉంటుంది. అది మిల్ మాట అని అంబేడ్కరే చెప్పాడు. ఆ వాక్యం అంబేడ్కర్ పేరుతో వేస్తే ఆయనే ఒప్పుకోడు.

లైబ్రరీమెట్లు
ఆ చివరి రకం తప్పు తీర్పుల్లో ఇంకా ఎక్కువ. జడ్జి ఎవరినో ఉదహరిస్తే మాట జడ్జిదైపోతుంది. తీర్పు చదివేటప్పుడు లోపలికి జరిపి చిన్న అక్షరాల్లో ఉన్న పేరాలు, కొటేషన్ గుర్తులు ఉన్నవి వేరేవాళ్ళవని గుర్తుంచుకోండి. ఇంకా ముఖ్యం, తీర్పు మొదట్లో ఉండే హెడ్‌నోటు కోర్టు మాట కాదు, రిపోర్టరు సంపాదకుడు రాసిన సారాంశం. దాన్ని జడ్జి పేరుతో కోట్ చేయకూడదు.

రాతకోత
అయితే జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అన్నారని చెప్పే 'భిన్నాభిప్రాయ తీర్పు రాబోయే కాలపు వివేకానికి చేసుకునే అప్పీలు' అనేది?

నల్లకోటు
తీర్పులో ఉంది, మాట ఆయనది కాదు. ఎమర్జెన్సీలో ఏడీఎం జబల్‌పూర్ కేసు (విచారణ లేకుండా నిర్బంధించినవాళ్ళు కోర్టుకెళ్ళొచ్చా అన్నది), 1976 ఏప్రిల్ 28. అయిదుగురిలో నలుగురు ప్రభుత్వం వైపు, ఖన్నా ఒక్కరే ఎదురు. తన తీర్పు చివర అమెరికా ప్రధాన న్యాయమూర్తిగా చేసిన చార్లెస్ ఇవాన్స్ హ్యూజ్ మాటలు ఉదహరించారు. గోడ మీద ఇలా వేయండి: పైన హ్యూజ్ వాక్యం, కింద చిన్న అక్షరాల్లో 'చార్లెస్ ఇవాన్స్ హ్యూజ్, జస్టిస్ ఖన్నా భిన్నాభిప్రాయ తీర్పులో ఉదహరించినది, 1976'. దాని కింద ఇంకో లైను, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం గోప్యత హక్కు మీది పుట్టస్వామి కేసులో ఆ మెజారిటీ తీర్పు తప్పని కొట్టేసింది అని. ఆ అప్పీలు నలభై ఒక్క ఏళ్ళకు విచారణకొచ్చిందన్నమాట.

గోడరాత
ఇంత రాయిస్తే పెయింటర్ ఒప్పుకుంటాడా? ఒక్కో పలకకు మూడడుగుల వెడల్పే ఇచ్చారు.

గుమాస్తా
మాట రెండు లైన్లు దాటకూడదు, లైనుకు ఏడెనిమిది పదాలు. నడుస్తూ చదివేవాడికి అంతకంటే పట్టదు. పేరు, సంవత్సరం, సందర్భం మూడో లైనులో సగం సైజు అక్షరాల్లో. పెయింటర్‌కి ఫోన్లో చెప్పకండి, వాట్సాప్ మెసేజీ కూడా వద్దు. టైపు చేసి ప్రింటు ఇవ్వండి, ఒత్తులు, సున్నాలు ఎర్ర పెన్నుతో చుట్టి. ముందు సుద్దముక్కతో గీయించి, ఇద్దరు చదివి సంతకం పెట్టాకే పెయింటు. ఆధారం పూర్తిగా దొరకనివి ఏమైనా మిగిలితే అవి గోడకెక్కించకుండా నోటీసు బోర్డులో కాగితం మీద పెట్టండి, 'ప్రచారంలో ఉన్న మాట' అని రాసి.

సామెతలమూట
ఆ బోర్డు కింద ఒక పుస్తకం వేలాడదీయండి. మూలం దొరికినవాళ్ళు పుట నంబరుతో అందులో రాస్తారు.